పురికొస గాటు

“ఆ పెట్టె మాదే. మాది కాదని రాసి సంతకం పెట్టమంటున్నారు,” అంటూ ఆవిడ ఖాళీ మందుల పెట్టెను నా ముందుకు తోసింది.

అరచేతిలో ఇమిడిపోయే చిన్న అట్టపెట్టె. నీలిరంగు మీద తెల్లక్షరాలు. బీపీ మాత్రలవి. ఆవిడ వర్క్‌షాపులో రోజూ కట్టలు కట్టలుగా తయారయ్యే సరుకే. అక్కడి పనిలో ముప్పాతిక వంతు ఒక్క మందుల కంపెనీదే, ఆ కంపెనీ మందులన్నిటికీ పెట్టెలు ఇక్కడివే. ఈ పెట్టెలోని మాత్రలు మింగిన మనిషి ఎవరో కాదు, ఆవిడ సొంత అత్తగారు. బీపీ పెరిగిపోయి ఇంట్లోనే కుప్పకూలింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఎడమ చెయ్యి కదపలేక పడుకుని ఉంది. డాక్టరుకు అనుమానం వచ్చి మిగిలిన మాత్రలను పరీక్షకు పంపిస్తే, వాటిలో మందన్నది మచ్చుకైనా లేదు, వట్టి సుద్ద అని తేలింది.

నన్ను జిగురు అంటారు. ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఒకసారి అంటుకుంటే వదలనని మెచ్చుకుని పెట్టిన పేరని ఇంట్లో చెప్పుకుంటాను. మా ఆవిడ నమ్మదు. ఆ పేరుకు ‘గారు’ తగిలించి పిలిచేది ఈ పెట్టెలావిడ ఒక్కతే.

ఆ పొద్దున్నే కంపెనీ వాళ్ళు ఆవిడకు రెండు కాగితాలు చూపించి వెళ్ళారు. మొదటిది మూడేళ్ళ కొత్త కాంట్రాక్టు, ఇప్పుడున్న దానికి రెట్టింపు పని. రెండోది ఆవిడ ఇవ్వాల్సిన వాంగ్మూలం. ఈ పెట్టె మా దగ్గర తయారైంది కాదు, ఎవరో మా పెట్టెను చూసి నకలు కొట్టారు అని. సంతకం పడితే రెండింటి మీదా పడాలి, లేకపోతే పాత కాంట్రాక్టు కూడా ఈ నెలతో సరి. గడువు ఆ సాయంత్రమే.

ఆవిడ నన్ను తేల్చమన్నది ఒక్కటే. ఈ పెట్టె ఎక్కణ్ణుంచి బయటికి పోయింది? కంపెనీ నుంచా, తన దగ్గర్నుంచా?

“వాళ్ళ తప్పయితే ఈ సాయంత్రమే తెగతెంపులు చేసుకుంటా జిగురు గారూ. వీధిన పడ్డా సరే, అత్తయ్యను మంచాన పడేసిన వాళ్ళతో నాకు వ్యాపారం వద్దు. మా తప్పయితే…”

అద్దాల తలుపు అవతల ఆడవాళ్ళు బారుగా బల్లల ముందు కూర్చుని పెట్టెలకు అంచులు అతికిస్తున్నారు. ఆవిడ వాళ్ళకేసి చూసి వెంటనే కళ్ళు తిప్పేసుకుంది. ఈ కంపెనీని వదులుకుంటే వాళ్ళలో పావువంతు మందికి కూడా పని చూపించలేదు. భర్త పోయాక ఇన్నేళ్ళూ ఈ షెడ్డును ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి, ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు మాత్రం తల వంచుకుంది.

ముందు ఆ పెట్టె తనదేనని ఎలా చెప్పగలదో అడిగాను. చూడగానే గుర్తుపట్టానంటే ఎవరూ ఒప్పుకోరని కూడా అన్నాను. ఆవిడ మూత రెక్కను వేలితో తడమమంది. అంచున చిన్న ముల్లులాంటిది తగిలింది. అట్టను కోసే అచ్చుకు ఒకచోట పదును విరిగిందట, అక్కడ కోత సాఫీగా పడదట. కొత్త అచ్చు చేయించడానికి ఇవాళ రేపు అంటూ వాయిదా వేస్తూ వచ్చారు. నేను లేచి వెళ్ళి బల్లల మీది పెట్టెలు నాలుగు తీసి తడిమాను. నాలుగింటికీ ముల్లుంది.

తర్వాత ఆ పెట్టెను కిటికీ వెలుగులో తిప్పి చూశాను. అడ్డంగా ఒక సన్నటి గీత. ఆ గీత కొసన, అంచు మీద, చిన్న గాటు. అది చూపించగానే ఆవిడ ముఖం మారిపోయింది.

“పురికొస గాటు. ఇది బయట ఉండకూడదే.”

ఆవిడ చెప్పిన సంగతి ఇదీ. అతికించిన పెట్టెలను చదునుగా మడిచి, పేర్చి, పురికొసతో కట్టగా బిగిస్తారు. కట్టలో పైన ఉన్నదానికీ అడుగున ఉన్నదానికీ పురికొస కోసుకుని గాటు పడుతుంది. కంపెనీలో మాత్రలు నింపే మెషీను మహా పెంకిది. గాటు పడ్డ పెట్టె వస్తే ఇరికించుకుని ఆగిపోతుంది. అందుకే కట్ట విప్పగానే పైదాన్నీ కిందదాన్నీ తీసి పక్కన పడేస్తారు. వాటిని అక్కడే చింపేయాలని ఒప్పందం.

“అయితే దీన్ని మెషీను నింపలేదు,” అన్నాను. “ఎవరో ఎక్కడో కూర్చుని చేత్తో నింపారు.”

“చింపాల్సినవి చింపకుండా అమ్ముకున్నారన్నమాట.” ఆవిడ గొంతులో ఊరట వినిపించింది. “వాళ్ళే.”

నాక్కూడా అదే కావాలనిపించింది, దాచుకోవడం దేనికి. కానీ ఒక సంగతి మింగుడు పడలేదు. గీత ఉన్న మేర, రెండు వేళ్ళ వెడల్పున, పెట్టె మీది మెరుపు చచ్చిపోయి ఉంది. గీత కూడా లోతుగా లేదు. ఎవరో పని గట్టుకుని అదిమి చదును చేసినట్టుంది. తడి తగిలిందేమోనంది ఆవిడ. తడి తగిలితే అట్ట ఉబ్బుతుంది, ఇది ఉబ్బలేదు. దొంగసరుకు నింపేవాడికి పెట్టె అందం మీద ఇంత శ్రద్ధ ఏమిటో నాకు అంతు పట్టలేదు.

కంపెనీకి నన్ను ఆవిడ మరిది తన వ్యాన్‌లో తీసుకెళ్ళాడు. సరుకు దింపి వచ్చేది అతనే. మామూలుగా వాగుడుకాయ అని విన్నాను, ఆ రోజు మాత్రం దారంతా నోరు విప్పలేదు. గాటు పడ్డ పెట్టెలను అక్కడ ఏం చేస్తారో తెలుసా అని అడిగితే, నాకు స్టీరింగు తప్ప ఏమీ తెలియదు సార్ అన్నాడు. తల్లి ఆస్పత్రిలో ఉంది కదా, పాపం దిగులుగా ఉన్నాడనుకుని ఊరుకున్నాను.

గేటు దగ్గర కంపెనీ విజిలెన్స్ ఆఫీసర్ కాచుకుని ఉన్నాడు. ఆ రెండు కాగితాలూ చూపించి వచ్చింది ఇతనే. ఒకప్పుడు ఇద్దరం ఒకే పోలీస్ స్టేషన్‌లో పనిచేశాం. అతను పైపదవికి పోయాడు, నేను బయటికి పోయాను. అప్పటికీ ఇప్పటికీ అతని బూట్లు మాత్రం తళతళలాడుతూనే ఉంటాయి.

“ఏం జిగురూ, ఈసారి మాకు అంటుకున్నావా?”

“మీ చెత్త చూసిపోదామని వచ్చాను గురూ.”

“మా దగ్గర చెత్త కూడా పద్ధతిగా ఉంటుంది. రా, చూసుకో.”

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది. ప్యాకింగ్ హాలు వెనక చిన్న గది. తాళం అతని దగ్గరే ఉంది. లోపల గోడ వారగా గోనెసంచులు, నిండా చింపిన అట్టముక్కలు. పనికిరానివన్నీ ఇక్కడే చింపి, నానబెట్టి, ముద్ద చేసి పంపిస్తామని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. నేను చొక్కా చేతులు మడిచి ఒక సంచిని నేలమీద బోర్లించాను.

మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముక్కా ఏరాను. రంగు పులుముకున్నవి ఉన్నాయి. జిగురు కారినవి ఉన్నాయి. వంకరగా తెగినవి ఉన్నాయి. రెండో సంచి బోర్లించాను, మూడోదీ బోర్లించాను. గాటు పడ్డ ముక్క ఒక్కటంటే ఒక్కటి లేదు. లేచి ప్యాంటు దులుపుకున్నాను. నిజం చెప్పొద్దూ, అతణ్ణి పట్టేశానని లోపల గంతులు వేస్తున్నాను.

“రోజూ అన్ని కట్టలు విప్పుతారు. కట్టకు రెండు గాటు పెట్టెలు తప్పవు. అవెక్కడ గురూ?”

అతను నా సంబరం అయ్యేదాకా ఆగాడు.

“అవి మా చెత్తలోకి రావు. మీ వాళ్ళ వ్యాన్‌లోనే వెనక్కి పోతాయి. ఏడాదిగా అదే పద్ధతి. చింపొద్దు, మాకిచ్చేయండి అని మీ వాళ్ళే అడిగారు.”

“ఎవరడిగారు?”

“బయట వ్యాన్‌లో కూర్చున్నాడుగా. అతన్నే అడుగు.”

నా ముఖం పాలిపోవడం అతను తీరిగ్గా చూశాడు. పెట్టెలావిడ గొంతులో పొద్దున విన్న ఆ ఊరట గుర్తొచ్చింది. కానీ అతను అంత నింపాదిగా ఉండటం నాకు నచ్చలేదు. నచ్చకపోతే ఎదుటివాడి చొక్కా అంచు పట్టుకుని లాగడం నా అలవాటు.

“చింపాలని ఒప్పందంలో ఉంది. దాన్ని కాదని వాటిని గేటు దాటనిచ్చింది ఎవరు?”

అతను చేతి గడియారం సర్దుకున్నాడు.

“చింపే పని తప్పుతుందని నేనే సరేనన్నాను. పనికిరాని అట్ట. అందులో ఏముంది?”

“ఆ మాట మీ డైరెక్టర్లకు తెలుసా?”

అతను ఖాళీ సంచిని బూటుతో గోడవారకు నెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు. పెట్టె నకలుదైతే కంపెనీకి పెద్ద ఇబ్బంది లేదు, పేపర్లో ఒక ప్రకటన వేసి చేతులు దులుపుకుంటుంది. పెట్టె అసలుదైతే కథ వేరు. దొంగ మాత్రలూ మంచి మాత్రలూ ఒకే పెట్టెలో ఉన్నాయని ఒప్పుకోవాలి, షాపుల్లో ఉన్న సరుకంతా వెనక్కి తెప్పించాలి. తెప్పించాక మొదటి ప్రశ్న, పెట్టెలను బయటికి వదిలింది ఎవరన్నదే.

“ఆ వాంగ్మూలం కంపెనీ కంటే ముందు నిన్ను కాపాడుతుంది,” అన్నాను.

“ఆవిణ్ణి కూడా కాపాడుతుంది జిగురూ. ఆవిడ కింద పనిచేసే వాళ్ళనీ కాపాడుతుంది. నిజం బయటపెడితే మునిగేది నేనొక్కణ్ణేనా? పోయి ఆ మాట కూడా ఆవిడకు చెప్పు.”

అతను చెప్పింది నిజమే. నాకు ఒళ్ళు మండింది కూడా అందుకే. ఇలాంటి ఫిర్యాదులు ఇంకా ఏమైనా వచ్చాయా అని అడిగాను. సంతకానికి సాయంత్రం ఆస్పత్రికి తనే వస్తానని చెప్పి గదికి తాళం వేసుకున్నాడు.

వ్యాన్‌లోకి ఎక్కగానే తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాను. మరిది రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని కూర్చున్నాడు. ఎన్నాళ్ళుగా అమ్ముతున్నావని అడిగాను. అమ్మలేదన్నాడు. మరి తెచ్చిన పెట్టెలు ఏమయ్యాయని అడిగాను. ఇంట్లో పడేశానన్నాడు. ఇంట్లో ఎక్కడ, చూపించు పద అన్నాను. అక్కడితో అతను స్టీరింగు వదిలేశాడు.

“అమ్మ తెమ్మంది సార్.”

తర్వాత అంతా ఒక్క ఊపున చెప్పేశాడు. వర్క్‌షాపు పెట్టిన కొత్తలో ఆ పెట్టెలను తన చేత్తో అతికించిన మనిషి వాళ్ళమ్మ. అట్టముక్క కింద పడితే తీసి కళ్ళకద్దుకునే రకం. మంచి పెట్టెలను చింపి పోస్తున్నారని కొడుకు మాటల్లో విని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పాత కాగితాలు కొనడానికి వీధిలోకి వచ్చేవాడు ఒకడున్నాడు. వాడు వాటిని చూసి, పిల్లల పెన్సిళ్ళు పెట్టడానికి భేషుగ్గా పనికొస్తాయి, కాకపోతే ఈ పురికొస గీతలు లేకుండా ఇవ్వమ్మా అన్నాడట. అప్పట్నుంచి మధ్యాహ్నం పూట కోడలు కింద పనిలో ఉన్నప్పుడు, పెద్దావిడ పైన ఇంట్లో కూర్చుని పల్చటి గుడ్డ కప్పి ఆ పెట్టెల మీది గీతలను ఇస్త్రీ చేసేది.

“ఇస్త్రీ చేసేదా?”

“ఒక్కోదాన్నీ సార్. బట్టల కంటే శ్రద్ధగా.”

మెరుపు చచ్చిపోయిన ఆ రెండు వేళ్ళ మేర నా కళ్ళ ముందు కదిలింది. వేడికి పైపూత కరిగి మసకబారింది. చిక్కుముడి వీడింది కదా అని సంతోషపడాలి, నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. తను ఇస్త్రీ చేసిన పెట్టె సుద్ద నింపుకుని, షాపు మీదుగా తన ఇంటికే వచ్చింది. ఆ ముసలి ప్రాణం దాన్ని విప్పి రోజూ ఒకటి చొప్పున వేసుకుంది. కాగితాలవాడి సంగతి అడిగితే, అమ్మ పడిపోయినప్పట్నుంచి వీధిలోకి రావడమే మానేశాడన్నాడు. వదినకు చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. నా పని ఆవిడకు చెప్పడమేనన్నాను.

ఆస్పత్రి వరండాలో చెప్పాను. అటూ ఇటూ తిప్పకుండా, విన్నది విన్నట్టే చెప్పాను. అందులో దయ చూపించే దారేదీ నాకు కనిపించలేదు. ఆవిడ గోడకు ఆనుకుంది.

“పొద్దున్నించీ వాళ్ళ తప్పే కావాలని దేవుణ్ణి మొక్కుకుంటున్నా,” అంది. “వాళ్ళను తిట్టేసి వదిలేసేదాన్ని. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వదలను? సంతకం పెట్టేస్తే అత్తయ్య పేరు బయటికి రాదు. నా వాళ్ళ పని పోదు. అంతేగా?”

అంతేనన్నాను. మిగతాది ఆవిడకు తెలియకపోలేదు.

లోపలికి వెళ్ళేసరికి విజిలెన్స్ ఆఫీసర్ మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పళ్ళు తెచ్చాడు. పెద్దావిడ మేలుకుని ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది గానీ కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. అతను నా వైపు చూడకుండా పెట్టెలావిడ చేతికి కాగితాలిచ్చి, పెన్ను మూత తీసి మరీ అందించాడు. డైరెక్టర్లు ఎదురుచూస్తున్నారని, రెట్టింపు పనికి కొత్త మెషీను కూడా కంపెనీయే ఇప్పిస్తుందని మెత్తగా చెప్పాడు.

ఆవిడ పెన్ను తీసుకుంది. నేను కదల్లేదు. ఆపే హక్కు నాకెక్కడిది? ఆ షెడ్డులో కూర్చున్న వాళ్ళకు రేపు జవాబు చెప్పాల్సింది నేను కాదు. అయినా ఆవిడ ఆ సంతకం పెట్టకూడదని నా ప్రాణమంతా కొట్టుకుంది.

“ఒకటి చెప్పండి,” అంది ఆవిడ పెన్ను కాగితం మీద ఆనించే ముందు. “నేను సంతకం పెడితే, షాపుల్లో ఉన్న దొంగ మాత్రలు ఎవరు తీయిస్తారు?”

“ప్రకటన ఇస్తామమ్మా. పెట్టెలో తేడా చూసుకుని కొనుక్కోమని.”

“తేడా ఏముంది? రెండూ నేను చేసినవేగా.”

ఆవిడ పెన్నుకు మూత పెట్టి కాగితాల మీద ఉంచి, మొత్తం అతని ఒళ్ళో పెట్టేసింది.

“మీ కాంట్రాక్టు నాకొద్దు. పాతదీ వద్దు, కొత్తదీ వద్దు.”

“నిజం చెబుదామనుకుంటున్నారా? చెప్పండి.” అతని గొంతులో మెత్తదనం పోయింది. “కేసులో మొదటి పేరు ఎవరిదో తెలుసా? ఈ ముసలావిడదే. పెట్టెలు వాళ్ళమ్మకే కావాలని మీ మరిదే నాతో చెప్పి తీసుకెళ్ళాడు.”

“ఏం కేసమ్మా?” అంది పెద్దావిడ.

అంతవరకూ ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కోడలు మంచం అంచున కూర్చుంది. పనిచేయని ఆ ఎడమ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. కాగితాలవాడు పెట్టెల్లో పెన్సిళ్ళు పెట్టలేదని, సుద్ద మాత్రలు పెట్టేవాళ్ళకు అమ్మాడని, వాటినే మీరు వేసుకున్నారని. గుమ్మం దగ్గర మరిది గోడకేసి తిరిగి ఏడుస్తున్నాడు. పెద్దావిడ ఏడవలేదు.

“నాలాగే ఇంకా ఎవరైనా వేసుకుంటున్నారా?” అని అడిగింది. అడిగింది కోడల్ని కాదు, కుర్చీలో ఉన్నవాణ్ణి.

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. సగం జవాబు నాకు అక్కడే దొరికింది.

“అయితే చెప్పెయ్యమ్మా,” అంది పెద్దావిడ. “నన్ను తీసుకుపోతే తీసుకుపోనీ.”

మందుల తనిఖీ అధికారి నంబరు నా దగ్గరుంది. కలిపి పెట్టెలావిడ చేతికి ఫోనిచ్చాను. ఆవిడ పేరు చెప్పింది, వర్క్‌షాపు పేరు చెప్పింది, ఆ పెట్టె మాదేనని తడబడకుండా చెప్పింది. అవతలివాళ్ళు ఏ మందు అని అడిగినట్టున్నారు. బీపీ మాత్రలని చెబుతుండగా పెద్దావిడ కుడిచెయ్యి లేచి కోడలి చీర కొంగు పట్టుకుని లాగింది.

“అవొక్కటే కాదమ్మా. పిల్లల జ్వరం మందు పెట్టెలు కూడా ఇస్త్రీ చేసి ఇచ్చాను.”

విజిలెన్స్ ఆఫీసర్ కుర్చీలోంచి లేచాడు. అవి కూడా అమ్ముడుపోయాయని అతనికీ తెలియదు, ముఖం చూస్తే తెలిసిపోతోంది. ఆవిడ ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అత్తగారి మీదికి వంగింది.

“పాలుతాగే పిల్లలవా, పెద్దపిల్లలవా అత్తయ్యా?”

“రెండూనమ్మా,” అంది పెద్దావిడ.